మగ్సీ బోగ్స్ గురించి బాస్కెట్‌బాల్ కోర్టు బయట వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

పిల్లాణ్ని కోచింగ్‌కి తీసుకొచ్చే తల్లిదండ్రులు నన్ను ముందు అడిగేది ఒకటే: "సార్, మావాడు పొట్టి కదా, పనికొస్తాడా?" పక్కనున్నవాళ్లెవరో వెంటనే అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మగ్సీ బోగ్స్ పేరెత్తుతారు. పేరు సరైనదే, చెప్పే కథల్లోనే తేడా.

అపోహ: వింతగా ఉంటాడని, జనం వస్తారని ఎన్‌బీఏలోకి (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) తీసుకున్నారు.

దీనికి మూలం ఒక ఫొటో. 5 అడుగుల 3 అంగుళాల బోగ్స్, పక్కన 7 అడుగుల 7 అంగుళాల మనూట్ బోల్. 1987-88లో వాషింగ్టన్ బుల్లెట్స్ జట్టులో ఇద్దరూ కలిసి ఆడారు. కానీ 1987 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, బోగ్స్ 12వ ఎంపిక. బాల్టిమోర్‌లో ఆయన చదివిన డన్‌బార్ హైస్కూల్ నుంచి ఆ ఏడాది తొలి రౌండ్‌లో ముగ్గురు వెళ్లారు. మిగతా ఇద్దరు రెజీ విలియమ్స్, రెజీ లూయిస్. మరుసటి ఏడాదే బుల్లెట్స్ వదిలేసుకుంటే, కొత్తగా పెట్టిన షార్లెట్ హార్నెట్స్ తీసుకుంది. మొత్తం 14 సీజన్లు, 889 మ్యాచ్‌లు. వింత చూపించడానికి అన్నేళ్లు ఎవరూ జీతమివ్వరు.

అపోహ: ఒట్టి వేగంతో నెట్టుకొచ్చాడు.

వేగం ఉంది, కాదనను. కానీ కోచ్‌గా నేను చూసేది వేరే. 6,726 అసిస్టులు (సహచరుడు బుట్టలో వేసేలా అందించిన పాసులు), అంటే మ్యాచ్‌కి ఏడున్నర పైనే. బంతి పోగొట్టుకున్నది మాత్రం సగటున రెండుసార్ల లోపే. జట్టు ఆటని నడిపే పాయింట్ గార్డుకి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

"బంతి మోకాలి కిందే ఉండాలి" అని పిల్లల మీద రోజూ అరుస్తుంటాం. ఆయనకి అరవక్కర్లేదు, ఒళ్లే అంత. ఆరున్నర అడుగుల డిఫెండర్ నడుం వంచితేగానీ బంతి అందదు. వంగాడా, పక్కనుంచి దాటేస్తాడు. స్టీల్స్, అంటే ఎదుటివాళ్ల నుంచి లాక్కున్న బంతులు, 1,369. ఎదుటివాడు డ్రిబుల్ చేసే బంతి సరిగ్గా ఆయన చేతుల ఎత్తులోనే లేస్తుంది మరి. ప్రాక్టీసులో పొడుగువాడి ముందు ఒక చురుకైన పొట్టివాణ్ని నిలబెట్టి చూడండి. రెండు నిమిషాల్లో పొడుగువాడు వీపు అడ్డం పెట్టడం మొదలెడతాడు.

అపోహ: జీవితంలో ఒక్క షాటూ బ్లాక్ చేసుండడు.

39 చేశాడు. 1993 ఏప్రిల్‌లో ఏడడుగుల పాట్రిక్ ఎవింగ్‌ది కూడా.

అపోహ: 1995 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే మ్యాచ్‌లు) మైకేల్ జోర్డాన్ ఎత్తుని వెక్కిరిస్తూ అన్న ఒక్క మాటతో కెరీర్ ముగిసిపోయింది.

ఈ కథంటే నాకు ఒళ్లుమంట. ఆ తర్వాత బోగ్స్‌ని కూర్చోబెట్టింది మాట కాదు, మోకాలు. 1995-96లో ఆడింది ఆరే మ్యాచ్‌లు. తిరిగొచ్చి షార్లెట్‌కి, ఆపై గోల్డెన్ స్టేట్‌కి, టొరంటోకి 2001 దాకా ఆడాడు.

అపోహ: కాబట్టి ఎత్తుతో పనే లేదు.

ఇది మన కోచ్‌లు పెంచి పోషించే అపోహ. ఎత్తయిన గార్డులు ఆయన్ని వీపుతో నెట్టుకుంటూ బుట్ట కిందికి తీసుకెళ్లి పైనుంచి వేసేవాళ్లు. త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) సక్సెస్ కెరీర్ మొత్తమ్మీద 28 శాతం కూడా దాటలేదు, దాంతో డిఫెండర్లు దూరంగా నిలబడి ఎదురుచూసేవాళ్లు. ఎన్‌బీఏలో అంతకంటే పొట్టివాడు ఇప్పటిదాకా ఆడలేదు.

అందుకే ఆ తల్లిదండ్రులకి నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. పిల్లాడి చేతికి బంతిచ్చి, "నా మొహం చూస్తూ ఎడమ చేత్తో కొట్టు నాన్నా" అంటాను.