మ్యూజియం అంటే రాళ్లేగా అనేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది గోదావరి పక్క ఊళ్లో చిన్న మ్యూజియం. మూడు గదులు, ఒక వరండా, వెనకాల వేపచెట్టు. లేబుళ్లు రాసేదీ, వచ్చినవాళ్లకు చూపించేదీ, కార్యక్రమం ఉంటే కుర్చీలు మాట్లాడేదీ అంతా ఇద్దరమే. ఏళ్ల తరబడి అవే మాటలు వింటున్నాను కాబట్టి, వాటిలో కొన్నిటికి ఒకేసారి జవాబు రాసి పెడుతున్నాను.

అపోహ: ఒకసారి చూసేశాం, మళ్లీ రావడమెందుకు?

చూడటం వరకే అయితే మీరన్నది నిజం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మా అసలు పని వరండాలో జరుగుతుంది.

ఒక బీరువాలో ధాన్యం కొలిచే పాత కొలపాత్రలు, అంటే మానిక, తవ్వ, సోల, గిద్ద, పక్కనే ఇనప కుంచం వరసగా ఉంటాయి. వాటి ముందు ఎవరూ ఆగేవారు కాదు. ఒక సంక్రాంతికి ముందు, బీరువాలోవి కదల్చకుండా ఊళ్లో అడిగి వేరే కుంచం తెచ్చాం. గోనెపట్టా మీద ధాన్యం పోసి బడిపిల్లల్ని కొలవమన్నాం. ఒక కుర్రాడు కుంచం నింపి "ఒకటి" అన్నాడో లేదో, మనవరాలిని తీసుకొచ్చిన ఒక మామ్మగారు వెనకనుంచి "ఒకటి కాదురా, లాభం అనాలి!" అని గద్దించారు. వాడికి అర్థం కాలేదు. ఆవిడే చీరకొంగు దోపుకుని పట్టా మీద కూర్చున్నారు. "లాభం... రెండు... మూడు..." అంటూ ఆరు దాకా వచ్చి, ఆ తర్వాత ఏడు అనలేదు. "ఆరున్నొక్కటి" అన్నారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందట, కళ్లంలో ఆ మాట అనకూడదట. అప్పు ఇచ్చేటప్పుడు కుంచం అంచుకు సమంగా చేత్తో గీసేసి, వసూలు చేసుకునేటప్పుడు గోపురంలా పోయించుకునే షావుకార్ల సంగతి కూడా చెప్పి తెగ నవ్వారు.

అప్పటిదాకా మా లేబుల్ మీద ఉన్నది "కుంచం, ఇనుము" అన్న రెండు ముక్కలే. ఆ రాత్రే మార్చి రాశాను. నాలుగు మానికలు ఒక కుంచం అన్న లెక్క ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. "ఆరున్నొక్కటి" అనేటప్పుడు ఆవిడ గొంతు తగ్గించడం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

అపోహ: పాత వస్తువు ఏదైనా ఇస్తేనే మీకు సాయం.

ఇత్తడి బిందెలు మా దగ్గర ఇప్పటికే పదకొండు ఉన్నాయి. పన్నెండోది తెస్తే వద్దంటాం, దయచేసి నొచ్చుకోకండి. పెట్టడానికి చోటుండాలి, ఏటా దుమ్ము దులిపే చేతులుండాలి. కానీ ఆ బిందె ఏ రేవులో నీళ్లు మోసింది, ఆ రేవుకి ఎవరు వెళ్లేవారు, ఎవరిని రానిచ్చేవారు కాదు, ఇవి చెబితే కూర్చోబెట్టి రికార్డు చేసుకుంటాం. ఫోన్‌లో రికార్డు చేసినా సరిపోతుంది. ఫ్యాన్ ఆపాలి, పక్కన టీవీ ఉండకూడదు, మధ్యలో అడ్డు తగలకూడదు. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. మనవాళ్లకు ముసలివాళ్ల మాట సరిదిద్దే అలవాటు ఎక్కువ.

ఇదేం కొత్త పద్ధతి కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర విన్నది రాయించారు. ఈనాడు కైఫీయత్తులు అంటున్నవి అవే. మీ ఊరి పేరు ఎలా వచ్చిందో చెప్పుకునే కథ వాటిలో ఉంటుందేమో చూడండి. అయితే అప్పట్లో చెప్పింది ఎక్కువగా కరణాలు, పూజారులు. కుమ్మరి వీధినీ, మాలపల్లినీ అడిగినవాళ్లు తక్కువ. మా ఆదివారం కబుర్లకు ముందుగా అక్కడివాళ్లనే పిలవడానికి కారణం అదే.

అపోహ: ఇంట్లో పాత వస్తువుందని చెబితే ప్రభుత్వం పట్టుకుపోతుంది.

ఈ భయం వల్ల ఎన్ని తాళపత్రాలు అటకమీదే చెదలకు పోయాయో. ఇక్కడ రెండు సంగతులు కలిపేస్తున్నారు. పునాది తవ్వుతుంటే, దుక్కి దున్నుతుంటే భూమిలో దొరికింది వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయలు ఆనాటి లెక్కే, మార్చలేదు. ఇంట్లో తాతల నాటినుంచి ఉన్నది వేరు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన వస్తువు, రాతప్రతి అయితే డెబ్బై ఐదేళ్లు దాటినది పురావస్తువు అవుతుంది. అది ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటి కొన్ని రకాలను మాత్రం రిజిస్టరు చేయించాలి. దేశం దాటించి అమ్మడం కుదరదు. మాకు చూపించడానికి తెస్తే చూసి, ఫోటో తీసుకుని, మీ చేతికే ఇచ్చి పంపుతాం. ఇచ్చేస్తామంటేనే దానపత్రం రాసుకుని, రిజిస్టరులో నంబరు వేస్తాం.

అపోహ: తెచ్చేముందు శుభ్రంగా తోమి తేవాలి.

ఒకాయన "మీ వస్తువు తెండి" కార్యక్రమానికి రుమాలులో కట్టుకుని నాలుగు రాగి నాణేలు తెచ్చారు. తళతళ మెరుస్తున్నాయి. మ్యూజియంకి కదా అని రాత్రంతా చింతపండులో నానబెట్టి, పొద్దున ముగ్గుతో తోమారట. అక్షరాలు చాలావరకు పోయాయి. వేలితో తడిమితే నున్నగా ఉంది. ఆయన ముఖంలో ఆనందం చూసి ఏమీ అనలేకపోయాను. రాగి మీద ఏళ్లతరబడి పేరుకున్న గోధుమ, ఆకుపచ్చ పొర మురికి కాదు. చింతపండు పులుపు ఆ పొరతో ఆగదు, కింది లోహాన్నీ తింటుంది. రాగిశాసనం దొరికినా ఇదే మాట. తోమొద్దు, ఎలా ఉందో అలాగే తెండి.

అపోహ: శాసనం చదవాలంటే సున్నమో, సుద్దో రాయాలి.

వద్దు. రాత్రిపూట టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి, అక్షరాలు నీడపట్టి లేచి నిలబడతాయి. సరైన నకలు తీసే పద్ధతిని ఏడాదికోసారి చూపిస్తాం. అసలు రాయి మీద కాదు, సిమెంటుతో పోయించిన నమూనా మీద. కాగితం తడిపి రాయి మీద పరిచి, గట్టి కుంచె బ్రష్షుతో కొడితే అక్షరాల గాడిలోకి దిగుతుంది. కాస్త ఆరాక సిరా అద్దిన మెత్తతో పైపైన అద్దుతారు. చుట్టూ నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. ఆ కాగితం ఊడదీసేటప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టడం చూడాలి.

అపోహ: వలంటీరుగా రావాలంటే చరిత్ర డిగ్రీ కావాలి.

అక్కర్లేదు. నిరుడు మాకు బాగా పనికొచ్చిన వలంటీరు రిటైరైన పోస్ట్‌మ్యాన్. పాత ఇంటిపేర్లు, వీధుల పాత పేర్లు ఆయనకు నోటికొచ్చు. కాలేజీ పిల్లలకైతే కాటలాగు టైపు చేయడం, ఫోటోలు స్కాన్ చేయడం, ఊరిలో వారసత్వ నడక నడిపించడం ఉంటాయి. జీతం లేదు, ముందే చెబుతున్నా. పని చేసినట్టు కాగితం ఇస్తాం.

తేదీలు: అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం మే 18. 1977 నుంచి జరుపుతున్నారు. మనకది రోహిణికార్తెకు వారం ముందు, అందుకే సాయంత్రం అయిదు దాటాకే మొదలుపెడతాం. నవంబరు 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. చాలా ఏళ్లు అవి కార్తీకంలోనే పడతాయి, వనభోజనాలతో పోటీ పడలేం. వేపచెట్టు కిందే భోజనాలు పెట్టుకుందామని ఒకసారి ప్రయత్నిస్తే, జనం భోజనానికొచ్చి మ్యూజియం కూడా చూశారు.

ఈసారి పాత పెళ్లి ఫోటోలు అడుగుతున్నాం. లామినేషన్ చేయించకండి, చిరిగితే సెల్లోటేపు అంటించకండి. వెనక పేర్లు రాయాలంటే పెన్నుతో వద్దు, మెత్తటి పెన్సిల్‌తో నొక్కకుండా రాయండి. పెళ్లికొడుకు, పెళ్లికూతురే కాదు, చివరన సన్నాయి పట్టుకుని నిలబడ్డాయన పేరు కూడా ఎవరికైనా గుర్తుంటే.