బడిలో హక్కులు, బాధ్యతలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బుద్ధిగా ఉన్నవాళ్లకే హక్కులు.

స్టాఫ్ రూములో తరచూ వినబడే మాట. ‘ముందు హోంవర్కు చేయమనండి, హక్కుల సంగతి తర్వాత!’ హక్కు బహుమతి కాదు, మార్కులు తగ్గాయని వెనక్కి తీసుకోవడానికి. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 28వ అధికరణం, బడిలో క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగ్గట్టు ఉండాలంటుంది. అల్లరివాళ్లను మినహాయించలేదు. తప్పు చేస్తే ఏమీ అనకూడదనీ కాదు. బెంచీ మీద గీతలు గీసినవాడి చేత తుడిపించండి. మంచినీళ్లు, బాత్రూము మాత్రం శిక్షల జోలికి రాకూడదు.

అపోహ: గౌరవం చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఇవ్వాల్సింది.

హెడ్మాస్టరు కనబడగానే లేచి నిలబడే పిల్లాడు, వరండా ఊడ్చే ఆయాను ‘ఏయ్’ అని పిలుస్తున్నాడంటే వాడికి అబ్బింది గౌరవం కాదు, భయం. ఆ ‘ఏయ్’ పెద్దవాళ్ల నోట విన్నదే అయ్యుంటుంది.

అపోహ: పిల్లల మాట వింటే నెత్తికెక్కుతారు.

వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఒడంబడికలోని 12వ అధికరణం కూడా పిల్లల అభిప్రాయానికి వయసును, పరిణతిని బట్టి విలువ ఇవ్వమంటుందే గాని అడిగిందల్లా చేయమనదు. పరీక్ష తేదీ వాళ్ల చేతిలో ఉండదు. క్లాసు నియమాలు ఉండొచ్చు. మొదటి వారంలోనే వాళ్లతో కూర్చుని రాయించండి, ఐదారు వాక్యాలకు మించకుండా. ‘అరవకూడదు’ బదులు ‘ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వింటాం’ అని రాస్తే ఏం చేయాలో తెలుస్తుంది. టీచరు పాటించాల్సినదీ ఒకటి ఉండాలి. టీచరే రాసుకొచ్చి సంతకాలు పెట్టిస్తే ఆ చార్టు గోడకు అలంకారమే. నెల తర్వాత మళ్లీ చదివి, ఎవరూ పాటించనిదాన్ని మార్చండి.

పోలండ్ రాజధాని వార్సాలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు, రచయిత నడిపిన అనాథాశ్రమంలో పిల్లలే తీర్పులు చెప్పే కోర్టు ఉండేది. పెద్దల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు.

అపోహ: ‘సారీ’ చెప్పించి చేతులు కలిపిస్తే గొడవ తీరినట్టే.

టీచరుకు తీరుతుంది. దెబ్బ తిన్న పిల్లకు తీరదు, పైగా ‘సరే, పర్లేదు’ అనాల్సిన పని కూడా ఆమె మీదే పడుతుంది. ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడండి. ‘ఎందుకు చేశావ్?’ అంటే తలొంచుకుంటారు, లేదా సాకు చెబుతారు. ‘ఏం జరిగింది? అప్పుడు ఏమనుకున్నావ్? దానివల్ల ఎవరికి ఏమైంది? ఇప్పుడు సరిచేయాలంటే ఏం చేద్దాం?’ అని ఇదే వరుసలో అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఇద్దరూ ఒప్పుకుంటేనే. రోజూ ఒకే పిల్లను ఏడిపిస్తుంటే అది గొడవ కాదు, వేధింపు. అక్కడ రాజీ కుదర్చబోతే బలవంతుడిదే పైచేయి అవుతుంది. ముందు ఆ పిల్లకు రక్షణ కావాలి: సీటు మార్చడం, విరామంలో ఒక పెద్దవాళ్ల కన్ను, వారం తర్వాత మళ్లీ పలకరింపు.

అపోహ: ఒక్కడు చేసినా క్లాసంతటికీ శిక్ష వేస్తే వాళ్లే దారిలో పెట్టుకుంటారు.

పెట్టుకోరు. బడి వదిలాక వాణ్ని ఏడిపిస్తారు.

అపోహ: తల్లిదండ్రులు నేరుగా అవతలి పిల్లాడినే అడగొచ్చు.

అడగకూడదు. గేటు దగ్గర పెద్దమనిషి నిలదీస్తే ఆ పిల్లాడు బెదిరిపోతాడు, జరిగింది బయటికి రాదు. తేదీ, చోటు, మీ పిల్ల చెప్పిన మాటలు ఉన్నదున్నట్టు రాసి క్లాస్ టీచరుకివ్వండి. మీ ఊహలు అందులో కలపొద్దు. ఎప్పటిలోగా జవాబిస్తారో అడిగి ఉంచుకోండి, రాకపోతే హెడ్మాస్టరు దగ్గరికి అదే కాగితం నకలు. క్లాసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఏ పిల్లాడి పేరూ పెట్టొద్దు.