గుట్టు విప్పని చిప్పు

బ్యాంకు కార్డును ఒకసారి పరీక్షగా చూడండి. ముందువైపు బంగారు రంగులో, సన్నటి గీతలతో గడులుగా విడిపోయిన చిన్న బిళ్ల ఉంటుంది. చాలామంది అదే చిప్పు అనుకుంటారు. నిజానికి అది గుమ్మం మాత్రమే. అసలు చిప్పు దాని వెనక, ప్లాస్టిక్‌లో తొలిచిన గుంటలో ఉంటుంది. దాని వైశాల్యం సాధారణంగా 25 చదరపు మిల్లీమీటర్లు దాటదు. పర్సులో కార్డు వంగుతుంది, చిప్పును తయారుచేసే సిలికాన్ వంగదు. ముక్క పెద్దదైతే పుటుక్కున విరిగిపోతుంది. అందుకే అంత చిన్నగా చేస్తారు.

ఆ ముక్కలో ఉన్నది నిజంగానే ఒక కంప్యూటర్. లెక్కలు చేసే ప్రాసెసర్ ఉంది, ప్రోగ్రాములు నిలవుండే మెమరీ ఉంది, కరెంటు పోయినా చెరగని మెమరీ ఉంది. లేనిదల్లా బ్యాటరీ. రీడర్‌లో, అంటే కార్డును చదివే యంత్రంలో, పెట్టగానే ఒక గడి ద్వారా కరెంటు వస్తుంది. ఇంకో గడి ద్వారా సెకనుకు కొన్ని పదిలక్షల సార్లు కొట్టుకునే గడియారపు సంకేతం వస్తుంది. మాటలు నడిచేది మాత్రం ఒకే ఒక్క గడి మీద. కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినాల్సిందే. ఏ గడి ఎక్కడుండాలో, సంభాషణ ఏ వరసలో సాగాలో ఐఎస్‌ఓ 7816 అనే ప్రమాణం చెబుతుంది. ఒకచోట తయారైన కార్డు ఇంకెక్కడి రీడర్‌లోనైనా పనిచేస్తోందంటే అదే కారణం.

పెన్‌డ్రైవ్‌లో కూడా మెమరీ ఉంటుంది కదా, తేడా ఏమిటి? పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే అందులో ఉన్నదంతా చదివేయొచ్చు. ఇలాంటి చిప్పున్న కార్డులో, అంటే స్మార్ట్ కార్డులో, అలా కుదరదు. మెమరీకీ బయటి ప్రపంచానికీ మధ్య ప్రాసెసర్ కాపలా కూర్చుంటుంది. అడిగిన ప్రతిదీ దాని గుండానే వెళ్లాలి. ఇవ్వకూడనిది అది ఇవ్వదు. పిన్ సంగతే చూడండి. వరసగా కొన్నిసార్లు, ఎక్కువ కార్డుల్లో మూడుసార్లు, తప్పు కొడితే చిప్పు ఇక పిన్ తీసుకోదు. ఇక్కడ ఒక చిక్కుంది. తప్పు పిన్ కొట్టి, చిప్పు ఆ తప్పును లెక్కలో రాసుకునేలోపు ఎవరైనా కరెంటు తీసేస్తే? అలా ఎన్నిసార్లైనా ప్రయత్నించొచ్చు కదా! అందుకే జాగ్రత్తగా రాసిన కార్డు ప్రోగ్రాము ముందే ఒక అవకాశాన్ని తగ్గించి, ఆ తర్వాతే పిన్‌ను సరిచూస్తుంది. పిన్ సరైనదైతే తగ్గించిన దాన్ని తిరిగి ఇస్తుంది. ఇంత చిన్న విషయంలో ఇంత ముందుచూపు ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. పాత కార్డుల వెనక ఉండే నల్లటి అయస్కాంత పట్టీ ఎప్పుడు గీసినా ఒకటే మాట చెబుతుంది. ఆ మాటను ఒక్కసారి దొంగిలిస్తే చాలు, నకిలీ కార్డు తయారు. చిప్పు దారి వేరు. దాని లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది, దాన్నే కీ అంటారు. కార్డు జీవితకాలంలో ఆ కీ ఒక్కసారి కూడా బయటికి రాదు. కొనుగోలు చేసేటప్పుడు రీడర్ అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యనూ, చెల్లించాల్సిన మొత్తాన్నీ, తేదీనీ చిప్పుకు ఇస్తుంది. చిప్పు వాటికి తన దగ్గరున్న లావాదేవీల లెక్కను కూడా కలిపి, కీ సాయంతో గణించి ఒక జవాబు ఇస్తుంది. బ్యాంకు కూడా తన దగ్గరున్న కీతో అదే లెక్క చేసి చూస్తుంది. రెండూ ఒకటైతే కార్డు అసలుదే. జవాబును మధ్యలో ఎవరు విన్నా లాభం లేదు. మరోసారి ప్రశ్న మారుతుంది, లెక్క ఒకటి పెరుగుతుంది, పాత జవాబు చెల్లదు. జవాబు నుంచి వెనక్కి వెళ్లి కీని కనుక్కోవడం ఆచరణలో అసాధ్యమయ్యేలా ఆ గణితాన్ని ఎంచుకున్నారు. రహస్యం చెప్పకుండానే, అది తనకు తెలుసని నిరూపించుకోవడం! స్మార్ట్ కార్డు గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఫోనులో సిమ్ చేసేదీ ఇదే. నెట్‌వర్క్ ఒక సంఖ్య పంపుతుంది, సిమ్ తన కీతో జవాబు కడుతుంది. ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టులో దీనికి తోడు ఇంకో ఏర్పాటుంది. ఫొటో, పేరు వంటి వివరాల మీద జారీచేసిన దేశం డిజిటల్ సంతకం ఉంటుంది. అక్షరం మార్చినా ఆ సంతకం సరిపోదు.

కార్డులో చిప్పు పెట్టాలన్న ఆలోచన ఒక్కరిది కాదు. 1960ల చివర జర్మనీలో హెల్ముట్ గ్రోట్రుప్, యుర్గెన్ డెత్‌లాఫ్, 1974లో ఫ్రాన్స్‌లో రోలాండ్ మొరెనో పేటెంట్లకు దరఖాస్తు చేశారు. కార్డులో ప్రాసెసర్‌ను కూడా పెట్టే ఆలోచనను 1970ల చివర్లో ఫ్రాన్స్‌కే చెందిన మిషెల్ ఉగో ముందుకు తీసుకెళ్లాడు. జనం చేతుల్లోకి ఎక్కువగా వచ్చింది మాత్రం 1980లలో ఫ్రాన్స్ టెలిఫోన్ కార్డులతో.

ట్యాప్ చేస్తే పనిచేసే కార్డులో తీగ చుట్ట ఒకటి అంచుల వెంట దాగి ఉంటుంది. రీడర్ సెకనుకు కోటీ 35 లక్షల సార్లకు పైగా మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ మార్పు వల్ల చుట్టలో కరెంటు పుడుతుంది, చిప్పు మేలుకుంటుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. మరి జవాబు ఎలా పంపుతుంది? గట్టిగా అరిచేంత శక్తి దానికి లేదు. అందుకని తాను లాగే కరెంటును ఎక్కువ తక్కువలు చేస్తుంది. తాడును ఒక చివర గుంజితే రెండో చివర పట్టుకున్నవాళ్ల చేతికి తెలుస్తుంది కదా, అలాగే రీడర్ తన క్షేత్రంలోని ఆ చిన్న గుంజులాటనే మాటలుగా చదువుతుంది. పది సెంటీమీటర్లు దాటితే సాధారణ రీడర్‌కు ఆ పట్టు అందదు.

దాడులు జరగలేదని కాదు. లెక్క చేసేటప్పుడు చిప్పు వాడే కరెంటు ఎలా పెరిగి తగ్గుతుందో కొలిచి కీని రాబట్టవచ్చని భద్రతా పరిశోధకుడు పాల్ కోచర్, ఆయన సహచరులు 1990ల చివర్లో చూపించారు. లోపలి గుట్టు చెప్పకపోయినా ముఖకవళికలు పట్టించేసినట్టన్నమాట. అప్పటినుంచి మంచి చిప్పులు కావాలనే అడ్డదిడ్డపు లెక్కలు కలిపి ఆ గుర్తులను చెరిపేస్తున్నాయి. చాలా నగరాల రవాణా కార్డుల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ అనే చిప్పు కథ ఇంకా బాధాకరం. అందులో లెక్క పద్ధతినే రహస్యంగా దాచారు, కీ పొడవు 48 బిట్లే, అంటే 48 సున్నాలూ ఒకట్లే. 2008 నాటికి పరిశోధకులు ఆ పద్ధతిని బయటపెట్టి కీలను తేలిగ్గా రాబట్టారు. పద్ధతిని అందరికీ చూపించి పరీక్షకు పెట్టాలి, దాచాల్సింది కీని మాత్రమే అని నిపుణులు 19వ శతాబ్దం నుంచీ చెబుతూనే ఉన్నారు.

ఇన్ని కాపలాలున్న చిప్పును అసలు పలకరించని చోటు ఒకటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు మీరే టైప్ చేస్తారు. చిప్పుకు కరెంటే అందదు. పట్టీ స్థానంలో చిప్పు వచ్చాక మోసగాళ్లు ఎక్కువగా అటువైపే మళ్లారు. ఫోనును ట్యాప్ చేసి చెల్లించేటప్పుడు మాత్రం సాధారణంగా కార్డు అసలు నంబరు కూడా దుకాణానికి వెళ్లదు. దాని బదులు వాడే వేరే నంబరు వెళుతుంది, దాంతోపాటు ఆ ఒక్క చెల్లింపుకే పనికొచ్చే జవాబు వెళుతుంది. ఎన్నో ఫోన్లలో ఆ జవాబు కట్టేది లోపల అతికించిన ఇలాంటి చిప్పే, చుట్టూ ప్లాస్టిక్ లేదంతే.