సింథటిక్ జుట్టుకు మెరుపే చిక్కు

బరంపురంలో మా పిన్నికి కీమో మొదలైన నెలలోపే జుట్టంతా రాలిపోయింది. బజారులో భుజాల దాకా ఉన్న నల్లటి విగ్గు ఒకటి కొన్నాం. అంత పొట్టి జుట్టుతో ఆవిడ ఎప్పుడూ వీధిలోకి వెళ్లింది లేదు. అందుకని ట్రంకుపెట్టెలోంచి అమ్మమ్మ సవరం తీయించి, విగ్గు చివర కలిపి జడ అల్లించుకుంది. ఇంట్లో బాగానే ఉంది. గుమ్మం దాటి ఎండలోకి రాగానే జడ రెండు ముక్కలుగా కనబడింది. పైన తళతళలాడే నలుపు, కింద మామూలు నలుపు. ఎప్పటిదో ఆ పాత సవరమే సొంత జుట్టులా ఉంది. పిన్ని ఏమీ అనకుండా లోపలికి వచ్చి కొంగు తల మీదికి లాక్కుంది.

ఆ రెండు నలుపులకూ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అరువు జుట్టు మనకి కొత్త కాదు. చమరీమృగాన్ని అచ్చతెలుగులో సవరపుమెకం అంటారు. ఆ జంతువు వెంట్రుకల పేరే జడలో కలుపుకునే జుట్టుకీ నిలిచింది. 1936లో మా గంజాం జిల్లా ఒడిశాలో కలిసినా బరంపురం తెలుగు ఇళ్లలో సవరం అన్న మాట పోలేదు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు చుట్టచుట్టి గోడ సందులో దాచడం, చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు వస్తే ఇచ్చి పిన్నులో, గిన్నెలో తీసుకోవడం నా చిన్నతనంలో చూశాను. వేషాలది వేరే లెక్క. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కుకున్నవాళ్లు వేషం కట్టి తిరుగుతారు. దూరం నుంచి చూసే వేషానికి నల్లరంగులో ముంచిన జనపనార చాలు. పక్కన కూర్చుని మాట్లాడే మనిషి తలకి అది చాలదు.

కృత్రిమ పోగు కథ అమెరికాలో మొదలైంది. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. 1938లో అది టూత్‌బ్రష్ కుచ్చుగా జనానికి చేరింది. గట్టిదే, కానీ జుట్టులా వాలదు. 1950ల మొదట్లో యూనియన్ కార్బైడ్ కంపెనీ ‘డైనెల్’ అనే పోగు తెచ్చింది. 1957లో జపాన్ కంపెనీ కనెకా ‘కనెకలాన్’ మొదలుపెట్టింది. ఈ రెండూ మోడాక్రిలిక్ జాతివి. అంటే పోగు బరువులో 35 నుంచి 85 శాతం దాకా ఆక్రిలోనైట్రైల్ అనే రసాయనం ఉంటుంది, వీటిలో మిగతాది ప్రధానంగా క్లోరిన్ ఉన్న వినైల్ పదార్థం. ఆ క్లోరిన్ వల్లే ఇది నిప్పు తగిలినా భగ్గుమని అంటుకోదు. తల మీద పెట్టుకునే వస్తువుకి అది చిన్న విషయం కాదు.

తర్వాత దీన్ని ముందుకు నెట్టింది రాజకీయం. 1960ల మధ్యలో కమ్యూనిస్టు చైనా జుట్టుతో చేసిన విగ్గులను అమెరికా రానివ్వలేదు. ఆ ఖాళీలోకి దక్షిణ కొరియా దూకింది. అసలు జుట్టుతో పాటు సింథటిక్ విగ్గులూ కుట్టింది. 1970 నాటికి ఆ దేశపు ముఖ్యమైన ఎగుమతుల్లో విగ్గులు ఒకటి. 2004లో ఇంకో మలుపు వచ్చింది. తిరుమలలో ఇచ్చే తలనీలాలు విగ్రహారాధనకు సంబంధించినవి కాబట్టి వాడకూడదని జెరూసలేంలోని యూదు మతగురువు రబ్బీ ఎల్యాషివ్ తీర్పు చెప్పారు. పెళ్లయ్యాక విగ్గుతో తల కప్పుకునే సనాతన యూదు స్త్రీలలో కొందరు భారతీయ జుట్టు విగ్గులను బ్రూక్లిన్, జెరూసలేం వీధుల్లో తగలబెట్టారు. చాలామంది సింథటిక్ వైపు మళ్లారు. మొక్కు తీర్చుకుని గుండుతో కొండ దిగిన మన ఆడవాళ్లను తలుచుకుంటే ఆ వార్త నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇన్నేళ్లలో పొడవు, రంగు, ధర అన్నీ దారికి వచ్చాయి. మెరుపు మాత్రం లొంగలేదు.

అసలు వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పు లాంటిది. సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి, కుదుళ్ల నుంచి చివరివైపు వాలి ఉంటాయి. ఆ వాలు సుమారు 3 డిగ్రీలు. వెలుతురు పడితే కొంత పైనుంచే తెల్లగా తిరిగొస్తుంది. కొంత లోపలికి వెళ్లి, వెంట్రుక రంగు పట్టుకుని, అవతలి గోడకి తగిలి కాస్త పక్కకి జరిగి బయటికొస్తుంది. 2003లో స్టీఫెన్ మార్ష్నర్ బృందం కంప్యూటర్ బొమ్మల కోసం దీనికి లెక్క కట్టింది. నున్నటి ప్లాస్టిక్ పోగుకి పొలుసులు లేవు. వెలుతురు అద్దం మీద పడ్డట్టు ఒకేచోట, తెల్లగా, గట్టిగా తిరిగొస్తుంది. పిన్ని జడ పైభాగంలో ఎండలో కనబడింది అదే.

దీనికి తయారీదారులు రకరకాల దారులు వెతికారు. ఒకటి, పోగు తీసే ద్రావణంలోనే టైటానియం డయాక్సైడ్ లాంటి సన్నటి పొడి కలపడం. మోతాదు మించితే జుట్టు బూడిద పూసినట్టు ఉంటుంది. రెండోది, పోగు తీసే రంధ్రం ఆకారం మార్చడం. గుండ్రం బదులు గుర్రపు నాడాలాగో, నడుము సన్నబడిన ఎముకలాగో తీస్తే వెలుతురు చెదురుతుంది.

ఇక లావు. బరంపురం పట్టు నేసే దేవాంగుల వీధిలో డెనియర్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మన వెంట్రుక సుమారు 45 నుంచి 60 డెనియర్ల మధ్య ఉంటుంది. కానీ ఒకే తలలో అన్నీ ఒకే లావు ఉండవు, ఒకే నలుపూ ఉండవు. ఎండకి చివర్లు గోధుమరంగు తిరుగుతాయి. విగ్గులో పోగులన్నీ ఒకే అచ్చులోంచి దిగితే కన్ను వెంటనే పట్టేస్తుంది. అందుకే మంచి విగ్గుల్లో రెండు మూడు లావులు, నాలుగైదు నలుపులు కలుపుతారు.

తేమ ఇంకా మొండిది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు అసలు జుట్టు తన బరువులో దాదాపు 15 శాతం నీళ్లు పట్టుకుంటుంది. నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. గోపాల్‌పూర్ వైపు నుంచి సముద్రపు గాలి వీస్తే మన జుట్టు మెత్తబడి ఒంటికి అంటుకుంటుంది. విగ్గుకి ఏ గాలీ పట్టదు. పక్కనున్నవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. జపాన్‌లో అడెరాన్స్ లాంటి విగ్గుల కంపెనీలు తేమకి స్పందించే నైలాన్ జాతి పోగుల మీద పని చేసింది ఇందుకే.

నా కోపమంతా ఒక్క చోట ఉంది. ఈ తెలివంతా మా వీధి విగ్గు షాపుదాకా రాలేదు. అక్కడ దొరికేది భుజాల దాకా, లేకపోతే మెడ దాకా. నడుము దాకా జడ వేసుకునే మనిషిని, తలకి కొబ్బరినూనె రాసుకునే మనిషిని మనసులో పెట్టుకుని చేసింది ఒక్కటీ లేదు. నూనె రాస్తే పోగులోకి ఇంకదు, పైనే నిలిచి మెరుపు రెట్టింపు చేస్తుంది, దుమ్ము పట్టిస్తుంది. పిన్ని పొయ్యి దగ్గర నిలబడి పోపు వేస్తుంటే ఆ సెగకి నుదుటి దగ్గర పోగులు ముడుచుకుపోయాయి. అసలు జుట్టు విగ్గు ధర అడిగి వెనక్కి వచ్చాం. రోగం వచ్చిన ఇంట్లో మందుల ఖర్చు తర్వాతే ఇంకేదైనా.

చివరికి పిన్నే ఒక ఉపాయం కనిపెట్టింది. టాల్కం పౌడరు అరచేతిలో కొద్దిగా రాసుకుని విగ్గు మీద నిమిరి, దువ్వి, తడి బట్టతో ఒకసారి తుడుస్తుంది. పోగు లోపల టైటానియం పొడి చేయాల్సిన పని పౌడరు పైనుంచి చేస్తుంది. అప్పుడు రెండు నలుపులూ దగ్గరపడతాయి, ఎండలో కూడా. ఆ జడతోనే ఠాకురాణి గుడికి వెళ్లొచ్చింది. మధ్యాహ్నం చెమట పట్టాక పౌడరు పోయి మళ్లీ మెరవడం మొదలైంది. ఇప్పుడు చేతిసంచిలో చిన్న పౌడరు డబ్బా పెట్టుకునే బయల్దేరుతోంది.