పారిస్ ఒపెరా: కింద సరస్సు లేదు, పైనుంచి షాండ్లియర్ పడలేదు

పారిస్‌లో మనవాళ్ల గ్రూపులను తిప్పడం నా వృత్తి. పారిస్ ఒపెరా (పాటల నాటకశాల) భవనమైన పాలే గార్నియే మెట్ల దగ్గరికి రాగానే ఎవరో ఒకరు ఫాంటమ్ గురించి, అంటే ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ నవలలో ఆ భవనం కింద సరస్సు దగ్గర దాక్కునే ముసుగు మనిషి గురించి, అడుగుతారు. సినిమా చూసి వచ్చినవాళ్లను తప్పుపట్టను. కాకపోతే ఆ భవనం అసలు కథే నాకు ఎక్కువ ఇష్టం.

అపోహ: భవనం కింద సరస్సు ఉంది.

వాస్తవం: ఉన్నది నీళ్ల ట్యాంకు. 1861లో పని మొదలుపెట్టాక పునాదుల్లో నీరు ఊరడం మొదలైంది. ఆవిరి పంపులు పెట్టి నెలల తరబడి రాత్రింబవళ్లు తోడాల్సి వచ్చింది. దాంతో ఆర్కిటెక్ట్ షార్ల్ గార్నియే స్టేజీ అడుగున పెద్ద తొట్టి కట్టించి, దాన్ని నీళ్లతోనే నింపించాడు. కింది నుంచి తోసుకొచ్చే నీటిని ఆ తొట్టి బరువు అదిమిపెడుతుంది. నిప్పు అంటుకుంటే ఆర్పడానికీ ఆ నీళ్లే. నిప్పు భయం ఉత్తిది కాదు, కొత్త భవనం పూర్తి కాకముందే 1873లో పాత ఒపెరా కాలిపోయింది. ఇప్పుడు ఆ ట్యాంకులో పారిస్ ఫైర్ సిబ్బంది డైవింగ్ ప్రాక్టీస్ చేస్తారు. మామూలు టికెట్‌తో అక్కడికి వెళ్లలేం.

అపోహ: షాండ్లియర్ (హాలు పైకప్పుకు వేలాడే పెద్ద దీపాల గుత్తి) జనం మీద పడింది.

వాస్తవం: పడింది షాండ్లియర్ కాదు, దాని బరువును నిలిపే కౌంటర్‌వెయిట్. 1896 మే 20న ప్రదర్శన జరుగుతుండగా అది పైకప్పులోంచి దూసుకొచ్చి ఒక మహిళ చనిపోయింది. పద్నాలుగేళ్ల తర్వాత పుస్తకంగా వచ్చిన ఆ ఫాంటమ్ నవలలో అదే షాండ్లియర్ అయింది. ఏడు టన్నుల పైచిలుకు ఉన్న అసలుది ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.

అపోహ: పాత పైకప్పు బొమ్మను చెరిపేసి చిత్రకారుడు షగాల్‌తో కొత్తది వేయించారు.

వాస్తవం: 1964 నాటి షగాల్ చిత్రం విడిగా ఒక చట్రం మీద ఉంది. లెనెప్వో వేసిన పాతది దాని వెనకే భద్రంగా ఉంది. రంగులు ఆ హాలుకు నప్పలేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే నచ్చింది.

అపోహ: ఈ భవనంలోని మ్యూజియం అంటే మిగిలిపోయిన ఒక గది, చూడకపోయినా పర్లేదు.

వాస్తవం: నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. 1858 జనవరిలో పాత ఒపెరాకు వస్తున్న ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ బగ్గీ మీద బాంబులు వేశారు. ఆయన బతికి బయటపడ్డాడు, కొత్త ఒపెరా కట్టాలని నిర్ణయించాడు. అందులో చక్రవర్తి కోసం పడమటి వైపు ప్రత్యేక ద్వారం పెట్టారు, బగ్గీ నేరుగా పైకి ఎక్కే ర్యాంపుతో సహా. 1870లో సింహాసనం పోయింది, 1873లో ఆయనా పోయాడు. 1875 జనవరి 5న ప్రారంభోత్సవం జరిగేసరికి ఆ ద్వారం గుండా రావాల్సిన మనిషే లేడు. అలంకరణ సగంలో ఆగిపోయింది. ఇప్పటి లైబ్రరీ, మ్యూజియం ఉన్నది ఆ భాగంలోనే. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం నడుపుతోంది.

అక్కడి చిన్నచిన్న సెట్ నమూనాల ముందు నిలబడి చూడండి. ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన రంగుల పలకలతో అడవి, కోట, వీధి లోతుగా కనిపిస్తాయి. సురభి నాటకం తెరలు చూసినవాళ్లకు ఆ కిటుకు చెప్పక్కర్లేదు.

అపోహ: టికెట్ కొంటే హాలు చూసినట్టే.

వాస్తవం: రిహార్సల్ ఉంటే హాలు మూసేస్తారు. గ్రూపులో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. వెళ్లే రోజు హాలు తెరిచి ఉంటుందో లేదో ఒపెరా వెబ్‌సైట్‌లో చూసుకుని బుక్ చేయండి. మ్యూజియానికి వేరే టికెట్ అక్కర్లేదు.

అపోహ: సాయంత్రం షోకి కోటు, టై, ఫ్రెంచ్ భాష తప్పనిసరి.

వాస్తవం: మూడూ అక్కర్లేదు. 1989లో పారిస్‌లోనే బాస్టీల్ ఒపెరా అనే మరో భవనం వచ్చాక గార్నియేలో ఎక్కువగా బ్యాలే నృత్యమే, దానికి భాషతో పనేముంది? పాటల ఒపెరా అయినా పైన తెర మీద ఫ్రెంచ్, ఇంగ్లిష్ వస్తాయి. ఒక్క విషయం మాత్రం చూసుకోండి: హాలు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి, పక్క బాక్సుల్లో (గోడల వెంట చిన్న గదుల్లా ఉండే సీట్లలో) వెనక వరస టికెట్ చౌకగా దొరికిందని సంబరపడితే సగం స్టేజీయే కనిపిస్తుంది.