చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగొచ్చా?

"చచ్చేవాడు చెప్పి చస్తాడా?" అని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు. ఇంత ప్రమాదకరమైన నమ్మకం ఇంకోటి లేదు. ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు ఎవరో ఒకరి దగ్గర ఆ మాట అన్నవాళ్లే. కాకపోతే అది సూటిగా రాదు. "నేను లేకపోతే మీకే హాయి", "ఇంకెన్నాళ్లులే మీకీ తిప్పలు" అంటూ వస్తుంది. విన్నవాళ్లు ఏదో విసుగులో అన్నాడనుకుంటారు.

ఇంటివాళ్లకు బరువైపోయానన్న నమ్మకం, నాకంటూ ఎవరూ లేరన్న భావన, ఈ రెండూ కలిసినప్పుడు చావాలన్న కోరిక పుడుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ జాయినర్ సిద్ధాంతం. అందుకే "పిల్లల మొహమైనా చూసుకోవా?" అని మందలించడం నాకు నచ్చదు. అప్పటికే తనొక బరువనుకుంటున్న మనిషి నెత్తిన ఇంకో నేరం మోపినట్టవుతుంది.

నడతలోనూ తేడా కనిపిస్తుంది. నిద్ర పట్టదు, తాగుడు పెరుగుతుంది, ఫోన్ ఎత్తరు. ఇష్టమైన వస్తువులు పంచేస్తారు. ఎప్పుడూ లేనిది, అప్పుల లెక్కలన్నీ కాగితం మీద రాసి భార్య చేతికిస్తారు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. కానీ పంట పోయాకో, పరీక్ష తప్పాకో, నలుగురిలో పరువు పోయిందనుకున్నాకో ఇలాంటివి ఒకదాని వెంట ఒకటి మొదలైతే ఆలస్యం చేయకూడదు. వారాల తరబడి నలిగిపోయిన మనిషి ఏ కారణమూ లేకుండా ఉన్నట్టుండి ప్రశాంతంగా మారినా సరే, "హమ్మయ్య, తేరుకున్నాడు" అనుకోకుండా అడగాలి.

టీవీ ఆపేసి పక్కన కూర్చుని, "బావా, ఒకటడుగుతాను, కోప్పడకు. చచ్చిపోవాలనిపిస్తోందా?" అనాలి. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే జవాబు మనమే అందించినట్టు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం డాక్టర్లలోనూ ఉండేది. 2001-2013 మధ్య వచ్చిన 13 అధ్యయనాలను బ్రిటన్ పరిశోధకులు 2014లో సమీక్షించారు. అడగడం వల్ల అలాంటి ఆలోచనలు పెరిగిన దాఖలా ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

"అవును" అంటే ఉపన్యాసం వద్దు. చెప్పేది విని, మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని పురుగుమందులు, మాత్రలు అందుబాటులో లేకుండా వేరేచోటికి మార్చాలి. చచ్చిపోవాలన్న ఆ ఉధృతి చాలాసార్లు కొద్దిసేపట్లోనే తగ్గుతుంది కాబట్టి ఈ పని ప్రాణం నిలుపుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనిపిస్తే 108. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి వెళ్లడానికి జంకే కుటుంబాలున్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి చికిత్స అందించాలనే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఆసుపత్రి నుంచి వచ్చేశాక వారం తిరక్కుండానే అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. అసలు తోడు కావాల్సింది అప్పుడే. శాన్ ఫ్రాన్సిస్కో మానసిక వైద్యుడు జెరోమ్ మోటో, ఆసుపత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఐదేళ్లపాటు అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు పంపించారు. బాగున్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే సారాంశం. సలహాలు లేవు, మళ్లీ రమ్మని ఒత్తిడి లేదు. ఉత్తరాలు అందినవాళ్లలో ఆత్మహత్యలు తక్కువ, మొదటి రెండేళ్లలో ఆ తేడా స్పష్టంగా కనిపించింది. ఇప్పుడైతే వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపొచ్చు. జవాబు రాలేదని మానేయకుండా, వచ్చే వారం మళ్లీ పంపాలి.