‘విడివిడిగా తీద్దాం, ఎడిటింగ్‌లో కలుపుదాం’: బస్తీ కథల సినిమాలపై అపోహలు, వాస్తవాలు

గత నెలలో మళ్లీ అదే ఫోన్. ‘‘సార్, షూటింగ్ పూర్తయింది. ఒకే వీధి, నాలుగు కుటుంబాలు. నాలుగు కథలూ బాగా వచ్చాయి. మీరు కూర్చుని అల్లేస్తే చాలు.’’ ఆ అబ్బాయి చాలా సంతోషంగా చెబుతున్నాడు. నేను ఒక్క ప్రశ్న అడిగాను: మొదటి కథలో మనిషి రెండో కథలో ఎన్నిసార్లు కనిపిస్తాడు? కాసేపు అటువైపు మాట లేదు. ‘‘క్లైమాక్స్‌లో అందరూ కలుస్తారు సార్’’ అన్నాడు.

పదహారేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఒక కార్మికవాడ, అందులో పది పన్నెండు మంది, ఒకరి బతుకు ఇంకొకరికి తగులుతూ నడిచే కథ. ఇలాంటి సినిమాలు నా చేతికి ఎనిమిది వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇదే జబ్బు. తీసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఎవరో చెప్పిన మాట నమ్మారు, అంతే.

అపోహ: కథలు విడివిడిగా తీసుకుని ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు.

కలపలేం. పక్కపక్కన పెట్టగలం. ఈ ఇంట్లో గొడవ, కట్, ఆ ఇంట్లో గొడవ. చూసేవాళ్లకు ఎవరో రిమోట్‌తో ఛానెల్ మారుస్తున్నట్టు ఉంటుంది. వీళ్లంతా ఒకే వీధి మనుషులన్న నమ్మకం ఎప్పుడు కలుగుతుంది? ఈ ఇంట్లో తల్లీ కొడుకూ పోట్లాడుకుంటుంటే పక్కింటి పిల్ల గుమ్మం దగ్గర ఆగి వినాలి. తర్వాత తన సీనులో ఆ కొడుకు ఎదురుపడితే ఏమీ తెలియనట్టు తల తిప్పుకోవాలి. అప్పుడు రెండు కథలు ఒకటవుతాయి. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగిన షాట్ తీయకపోతే నేను దాన్ని ఎక్కడినుంచి తేవాలి?

కాలం సంగతి ఇంకా కష్టం. కొన్నేళ్ల కిందట ఒక సినిమా వచ్చింది. మూడు కథలు, మూడు షెడ్యూళ్లు. మధ్యలో డబ్బు ఆగిపోయి ఒక షెడ్యూల్ వానల్లో పడింది, ఇంకొకటి ఎండల్లో పడింది. స్క్రిప్టులో మాత్రం అంతా ఒకే ఉదయం జరుగుతుంది. రషెస్ (ఎడిట్ చేయని షూటింగ్ ఫుటేజ్) చూస్తే ఒక ఇంటి ముందు బురద, దాని పక్కింటి ముందు దుమ్ము. ఒక కథలో వీధి చివరి గోడకు పోస్టర్ ఉంది, ఇంకో కథలో లేదు. ఆ డైరెక్టర్ నా పక్క కుర్చీలో కూర్చుని చాలాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఇల్లు తాకట్టు పెట్టి తీసిన సినిమా అది. ఒక్క ఉదయంలో జరగాల్సిన కథను చివరికి మూడు వేర్వేరు కాలాలుగా విడగొట్టాం. మూడో వంతు సీన్లు పోయాయి. పదకొండు వారాలు అదనంగా పట్టింది. అతను మొదట రాసుకున్న సినిమా అది కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇలా చెబితే చాలామంది ‘పెద్ద డైరెక్టర్లంతా ఎడిటింగ్ టేబుల్ మీదే కదా చేశారు’ అంటారు. అమెరికా డైరెక్టర్ రాబర్ట్ ఆల్ట్‌మన్ పేరు చెబుతారు. ఆయన 1975లో తీసిన ‘నాష్‌విల్’లో 24 ముఖ్య పాత్రలున్నాయి. అదంతా అప్పటికప్పుడు తోచింది తీసి, తర్వాత కూర్చి అతికించారని ఒక పుకారు నడుస్తుంటుంది. నటులు సెట్లో సొంతంగా మాటలు కల్పించుకున్న మాట నిజమే. కానీ జోన్ ట్యూక్స్‌బరీ రాసిన స్క్రిప్టు ఉంది. కథ మొత్తం ఐదు రోజుల్లో జరుగుతుంది, ఒక రాజకీయ సభతో ముగుస్తుంది. అంటే కాలం ముందే బిగించి ఉంది. నలుగురు ఒకేసారి మాట్లాడే సీన్లలో ఎవరి గొంతు వాళ్ల ట్రాక్‌లో పడేలా షూటింగ్‌లోనే రికార్డు చేశారు. అందుకే తర్వాత ఏ మాట పైకి తేవాలో ఎంచుకోగలిగారు. ఎంచుకోవడానికి ముందు చేతిలో ఉండాలి కదా.

ఇంకో అమెరికా డైరెక్టర్ స్పైక్ లీ 1989 సినిమా ‘డు ది రైట్ థింగ్’ చూడండి. బ్రూక్లిన్‌లో ఒక్క వీధి, మండిపోయే ఎండలో దాదాపు ఒక్క రోజు. ఆ వేడి అందరికీ ఒకటే కాబట్టి ఎవరి సీను నుంచి ఎవరి సీనుకు వెళ్లినా మనం వీధి దాటినట్టు అనిపించదు. ఆ వేడి తెలియాలని గోడలకు ఎరుపు రంగులు వేశారు. వీధిలోనే ఒక రేడియో స్టేషన్, అందులో మాట్లాడే మనిషి గొంతు అన్ని కథల మీదుగా వెళుతుంది. ఎడిటర్‌కు ఇవన్నీ చేతికి అందించిన దారాలు. ఒక్కటీ టేబుల్ మీద పుట్టలేదు.

కాబట్టి షూటింగ్‌కు ముందు ఒక పని చేయండి. గోడకు పెద్ద కాగితం అంటించి, పైన పాత్రల పేర్లు, పక్కన గంటలు రాయండి. ఉదయం ఆరుకు ఎవరు ఎక్కడున్నారు, పదికి ఎక్కడున్నారు అని ప్రతి గడీ నింపండి. సీను లేని మనిషి కూడా ఆ సమయంలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇది పూర్తయ్యాక ఎవరు ఎవరి సీనులో వెనక నడిచి వెళ్లగలరో మీకే కనిపిస్తుంది. ఆ నడకలను షాట్ లిస్టులో రాయండి. షూటింగ్ రోజు ‘టైమ్ లేదు’ అంటూ ముందుగా కొట్టేసేది వాటినే. దయచేసి వాటిని కొట్టేయకండి. అవసరమైతే ఒక క్లోజప్ వదులుకోండి. వీధి యాంబియన్స్, అంటే అక్కడి మామూలు చప్పుళ్లు, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి విడిగా రికార్డు చేయించండి.

ఇప్పటికే తీసేసి టెన్షన్ పడుతున్నవాళ్లకు: దారి పూర్తిగా మూసుకుపోలేదు. ముందు శబ్దం చూడండి. రైలు కూత ఒకటి మూడు ఇళ్లలో ఒకేసారి వినిపిస్తే, ఆ మూడు సీన్లు ఒకే క్షణంలో జరుగుతున్నాయని ప్రేక్షకుడు వెంటనే నమ్ముతాడు. కుట్టుమిషన్ చప్పుడు పక్కింటి సీనులోకి వెళితే ఆ రెండు ఇళ్లకు మధ్య ఒక గోడే ఉందని తెలుస్తుంది. తర్వాత లోటు పూడ్చే చిన్న షాట్ల కోసం ఒకటి రెండు రోజుల ప్యాచ్ షూట్ పెట్టండి. డైలాగులు వద్దు. ఒకరి కిటికీలోంచి చూస్తే ఇంకొకరు వీధిలో వెళ్లడం, మెట్ల మీద ఇద్దరు పక్కకు తప్పుకోవడం, మూసిన తలుపు ముందు చెప్పులు. ఆ రోజు బట్టలు, గడ్డం అసలు షూటింగ్‌లో తీసిన కంటిన్యుటీ ఫొటోలు చూసి సరిపోల్చుకోండి. ఇంకో మాట, భయంతో నిమిషానికోసారి కథ మార్చకండి. మొదట ప్రేక్షకులను ఒక కుటుంబంతో ఏడెనిమిది నిమిషాలు ఉండనివ్వండి. ఆ వీధిలో కాలు నిలిచాక ఎటు తీసుకెళ్లినా వస్తారు.

మిగతా అపోహలు త్వరగా చెబుతాను.

అన్ని పాత్రలకూ సమానంగా నిడివి ఇవ్వాలంటారు. అక్కర్లేదు. ఒకరికి ఇరవై నిమిషాలు, ఇంకొకరికి నాలుగు నిమిషాలు ఉండొచ్చు. ఆ నాలుగు నిమిషాల మనిషే చాలాసార్లు గుర్తుండిపోతాడు.

చివర్లో ఒక యాక్సిడెంట్ పెట్టి అందరినీ కలపాలంటారు. అందరూ చెప్పే మెక్సికో సినిమా ‘అమోరెస్ పెర్రోస్’ (2000) యాక్సిడెంట్‌తోనే మొదలవుతుంది. మూడు కథలూ దాని చుట్టూ తిరుగుతాయి. చివర్లో అతికించినది కాదు అది.

పాత్రలు ఎక్కువైతే జనం గందరగోళపడతారన్నది సగం నిజం. పేర్లు ఎవరికీ గుర్తుండవు. పని గుర్తుంటుంది. మిషన్ కుట్టే ఆవిడ, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పగలు పడుకునే అతను, మెట్ల మీద చదువుకునే పిల్ల. ఇలా పరిచయం చేస్తే పదిహేను మందినైనా మోస్తారు.

పేదవాళ్ల ఇళ్లంటే బూడిద రంగు గ్రేడింగ్ (షూటింగ్ తర్వాత రంగులు సరిచేయడం) అనే అలవాటును వెంటనే మానేయండి.

ఇక స్థానికులతో తీస్తే రిహార్సల్ అక్కర్లేదన్న మాట. 1948 నాటి ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’లో హీరో ఫ్యాక్టరీ కార్మికుడు, అది నిజం. కానీ ఆ స్క్రీన్‌ప్లేకు అర డజను మంది రచయితల పేర్లున్నాయి. మన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో ఆ ఊరివాళ్లే నటించారు. అది చూసి కెమెరా తీసుకుని వెళ్లిపోయినవాళ్ల రషెస్ నేను చూశాను. నటనకు కొత్తవాళ్లు ప్రతి టేక్‌లో చేయి ఒకేచోట పెట్టరు. అందుకని ఒక టేక్ నుంచి ఇంకో టేక్‌కు వెళితే కట్ కలవదు. వాళ్లతో రెండు కెమెరాలు పెట్టండి, లేదా టేక్ పొడవుగా ఉంచండి, సీన్లు వీలైనంత వరకు కథ వరుసలోనే తీయండి. వాళ్లను తొందరపెట్టకండి.

ఫోన్ చేసిన ఆ అబ్బాయి హార్డ్ డిస్క్ తెచ్చాడు. మూడు రోజులు ఇద్దరం కూర్చుని, వాడని షాట్లతో సహా అన్నీ చూశాం. రెండో కుటుంబం సీనులో, ఓకే చేయని టేక్ ఒకదానిలో, వీధి చివర ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. మొదటి కథలో తల్లి పాత్ర వేసింది ఆవిడే. ఆ వీధి మనిషే, తనకు షూటింగ్ లేని రోజున తన ఇంటి ముందు తన పని చేసుకుంటోంది. కట్టుకున్నది కూడా సినిమాలో కట్టిన చీరే, ఎందుకంటే అది ఆవిడ సొంతది. షాట్ నాలుగు సెకన్లు ఉంది. దాన్ని తీసి టైమ్‌లైన్‌లో మొదట పెట్టాం. వచ్చే వారం ప్యాచ్ షూట్‌కు వెళుతున్నారు. గోడ మీద కాగితం నింపుతూ నిన్న రాత్రి ఫొటో పంపాడు, ఇంకా పదకొండు గడులు ఖాళీగా ఉన్నాయి.